రోమన్ సైనికుడికి ఇప్పుడు ఏమివ్వాలి: తుపాకా, డాలా, పలుగా?

తల మీద ఎర్ర కుచ్చు, ఒంటి మీద ఇనప పట్టీల కవచం, చేతిలో ఏకే-47. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఏఐతో వేయించి పంపిన బొమ్మ ఇది. "మామయ్యా, రోమన్ సైన్యం ఇప్పుడుంటే ఇలాగే ఉంటుంది కదా?" అని కింద ఒక ప్రశ్న. బాగుందిరా అని ఒక లైక్ కొట్టి ఊరుకోవచ్చు. కానీ రెండు రోజులు ఆ బొమ్మ నన్ను వదల్లేదు. కుచ్చు సంగతి సరే, అలా చెవి నుంచి చెవికి అడ్డంగా పెట్టుకునేది సెంచూరియన్, అంటే సుమారు 80 మంది మీద అధికారి. మామూలు సిపాయి కాదు. అసలు పేచీ తుపాకీ దగ్గర.

ఆయుధానికి ఆయుధం పెట్టి పోలిస్తే ఎవరికైనా తుపాకీయే తోస్తుంది. నేను పనికి పని పెట్టి చూశాను. క్రీ.శ. మొదటి శతాబ్దంలో లీజియన్‌లో, అంటే రోమన్ సైన్యపు పెద్ద దళంలో, కొలువు చేసిన మామూలు సిపాయి పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేసేవాడు, అదే పని ఇవాళ చెయ్యాలంటే వాడికి ఏం కావాలి? ఇలా చూస్తే ముగ్గురు పోటీకొస్తారు: సరిహద్దులో ఉండే పదాతి జవాను, అల్లర్లప్పుడు డాలూ లాఠీతో దిగే పోలీసు, ఆర్మీ ఇంజినీర్లలో సిపాయి, అంటే సాపర్.

ముందు జవాను. కవచం దగ్గర ఇతనికి మంచి మార్కులే పడతాయి. ఇనప పట్టీల రోమన్ కవచాన్ని ఇప్పుడు మళ్లీ తయారుచేసి తూచినవాళ్లు సుమారు 9 కిలోలని చెబుతారు, ఇనప రింగులు అల్లినదైతే ఇంకాస్త ఎక్కువ. ఇవాళ్టి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ లోపల గట్టి పలకలు పెట్టుకుంటే అదీ దాదాపు అంతే తూగుతుంది. మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ప్రభుత్వ సంస్థ మిధాని తయారుచేసే భాభా కవచ్ ఈ జాతిదే. రెండు వేల ఏళ్లలో సరుకు మారింది గానీ వీపు మీద మోత పెద్దగా తగ్గలేదు. సరుకు తేలికైన కొద్దీ ఆపాల్సిన దెబ్బ పెద్దదవుతూ వచ్చింది మరి.

తేడా ఎక్కడుందంటే, దెబ్బ వచ్చే దారిలో. రోమన్ కవచంలో భుజాల మీద పట్టీలు ఒకదాని మీద ఒకటి దట్టంగా ఉంటాయి, ఎందుకంటే కత్తివేటు పైనుంచి పడుతుంది. తూటా ఎదురుగా వస్తుంది కాబట్టి ఇప్పటి జాకెట్‌లో రొమ్ముకీ వీపుకీ పలకలుంటాయి, భుజాలు ఖాళీ. శిరస్త్రాణం సంగతీ అంతే. రోమన్లది వెనక మెడ మీదికి చేటలా వెడల్పుగా సాగి ఉంటుంది. అది పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుంటే చేట వీపుకి తగిలి టోపీ కళ్ల మీదికి జారుతుంది. రోమన్లకు పడుకుని యుద్ధం చేసే అవసరం రాలేదు. తుపాకీ వచ్చాక మనిషి నేలకు కరుచుకోక తప్పలేదు.

నాకు జవాను మీద అనుమానం మొదలైంది ఇక్కడే. తుపాకీ చేతికొస్తే సైనికులు ఎడంగా చెదిరి, చాటు వెతుక్కోవాలి. రోమన్ బలమంతా పక్కవాడి డాలుకి తన డాలు ఆనించి నిలబడటంలో ఉంది. పైగా అతని దగ్గర తుపాకీకి దీటైనది లేనే లేదు. పైలమ్ అనే ఈటె ఉండేది, దగ్గరికొచ్చాక విసిరి, వెంటనే కత్తి దూసేవాడు. క్రీ.పూ. 58లో హెల్వెటీలనే తెగ మీద జరిగిన యుద్ధం గురించి రోమన్ సేనాని సీజర్ రాశాడు: ఒకే ఈటె ఒకటి కన్నా ఎక్కువ డాళ్లని కలిపి గుచ్చేసేది, దాని ఇనుము వంగిపోవడంతో ఎంత లాగినా ఊడేది కాదు, చివరికి శత్రువులు చేతులు నొప్పెట్టి డాళ్లే పారేసి ఒట్టి ఒంటితో పోరాడారట. ఈ పని ఇవాళ చేసేది రైఫిల్ కాదు, దగ్గరగా వెళ్లి విసిరే గ్రెనేడ్. అలాగని రెండు గ్రెనేడ్లు నడుముకి కట్టి పంపితే సరిపోతుందా అంటే, అదీ లేదు.

పోలీసు దగ్గరికొద్దాం. చూడ్డానికి ముగ్గురిలో రోమన్‌లా ఉండేది ఇతనే. పారదర్శకంగా ఉండే పాలీకార్బొనేట్ డాలు, ముఖం మీద ముసుగున్న హెల్మెట్, కాళ్లకి గార్డులు, రాళ్లు పడుతుంటే డాళ్లు తలల మీదికి ఎత్తి తాబేలు చిప్పలా కప్పుకోవడం. రోమన్లూ ఆ వరసని టెస్టూడో అనే పిలిచారు, లాటిన్‌లో తాబేలు అనే. సిరియాలో డ్యూరా-యూరోపస్ శిథిలాల్లో మూడో శతాబ్దపు రోమన్ డాలు ఒకటి దొరికింది, ఇప్పుడది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. పల్చటి చెక్క పట్టీలని మూడు పొరలుగా, ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం పెట్టి జిగురుతో అతికించారు. అంటే మన ప్లైవుడ్డే. కార్పెంటర్‌కి చూపిస్తే క్షణంలో గుర్తుపడతాడు.

కానీ పని చూడండి. జనాన్ని చెదరగొట్టే పోలీసు, ఆ జనం పారిపోవడానికి ఒక సందు వదిలిపెడతాడు, వదలాలి కూడా. డాలు చాటు నుంచి పొట్టలో పొడవడానికి చేసిన పొట్టి కత్తికీ లాఠీకీ పోలికేముంది? డ్యూటీ అయ్యాక వ్యాన్ ఎక్కి ఇంటికి పోయేవాడికీ పాతికేళ్ల కొలువుకి సంతకం పెట్టినవాడికీ పోలికేముంది?

ఒక్క విషయంలో మాత్రం పోలీసు బూట్లే రోమన్ సిపాయికి తొడగాలి. వాళ్ల చెప్పుల అడుగున ఇనప మేకులుండేవి. మట్టిలో, గడ్డిలో పట్టు బ్రహ్మాండంగా ఉండేది. క్రీ.శ. 70లో జెరూసలేం ముట్టడిలో జూలియానస్ అనే సెంచూరియన్ ఒక్కడే శత్రువుల మీద పడి ఆలయ ప్రాంగణం దాకా తరిమాడు. అక్కడ నున్నటి రాతి పలకలు. మేకులు జర్రున జారి, కవచం గణగణమంటూ వెల్లకిలా పడ్డాడు. పారిపోతున్నవాళ్లు ఆ చప్పుడుకి వెనక్కి తిరిగి చూశారు, చుట్టుముట్టి చంపేశారు. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసిఫస్ ఇదంతా పూసగుచ్చినట్టు రాశాడు. ఒక జత రబ్బరు సోలు ఉంటే బతికి బయటపడేవాడేమో.

ఇక సాపర్. మా వాడి బొమ్మకి ఇతను ఆమడ దూరంలో ఉంటాడు, అయినా నా ఓటు ఇతనికే.

అదే జోసిఫస్ రోమన్ సిపాయి మోసే సామాను చెప్పాడు: రంపం, బుట్ట, పలుగు, గొడ్డలి, తోలు తాడు, కొడవలి, గొలుసు, మూడు రోజుల తిండి. కంచర గాడిదకీ ఇతనికీ పెద్ద తేడా లేదన్నాడు. కత్తీ ఈటే కాకుండా, ఇదంతా అదనం. రోమన్ల సైనిక శిక్షణ మీద పుస్తకం రాసిన వెజీషియస్ లెక్కలో కొత్తగా చేరినవాళ్లకి 60 రోమన్ పౌండ్లు, అంటే సుమారు 20 కిలోలు మోయించి నడక నేర్పాలి. ఐదు వేసవి గంటల్లో 20 రోమన్ మైళ్లు, దాదాపు 30 కిలోమీటర్లు నడవాలి. (వేసవిలో వాళ్ల గంట మన గంట కన్నా పొడుగు లెండి, పగటిని పన్నెండు భాగాలు చేసేవాళ్లు.) అంత దూరం నడిచొచ్చి పడుకోవడమా? లేదు. శత్రుదేశంలో ఉంటే ప్రతి సాయంత్రం కందకం తవ్వి, ఆ మట్టితో కట్ట పోసి, దాని మీద గుంజలు పాతి, అప్పుడు గుడారం వేసుకోవాలి. ఎనిమిది మందికి ఒక తోలు గుడారం.

వాళ్ల దొలాబ్రా అనే పనిముట్టుకి ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క పలుగు ముక్కు. శత్రువుని ఓడించాల్సింది దీంతోనే అని సేనాని కోర్బులో అనేవాడట. క్రీ.పూ. 55లో సీజర్ సైనికులు రైన్ నది మీద పది రోజుల్లో చెక్క వంతెన లేపారు. బ్రిటన్‌లో క్రీ.శ. 122లో మొదలైన హేడ్రియన్ గోడని కట్టిందీ సైనికులే. ఏ ముక్క ఏ జట్టు కట్టిందో రాళ్ల మీద చెక్కి పెట్టారు. మన శిలాఫలకాల మీద ప్రారంభించినవాళ్ల పేర్లుంటాయి, అక్కడ కట్టినవాళ్ల పేర్లున్నాయి.

ఇప్పుడు బెంగళూరులోని మద్రాస్ సాపర్స్ వైపు చూడండి. దక్షిణాది కుర్రాళ్లు, మన తెలుగువాళ్లతో సహా, చేరే దళం ఇది. సైన్యంలో వీళ్లని ముద్దుగా తంబిలంటారు. వంతెన వెయ్యడం, దారి తియ్యడం, మందుపాతరలు ఏరెయ్యడం వీళ్ల పని. అవసరమైతే తుపాకీ పట్టి పదాతి దళంలా పోరాడతారు కూడా. పని ముందు, పోరు అవసరాన్ని బట్టి. రోమన్ సిపాయి దినచర్యకి ఇంతకన్నా దగ్గర పోలిక నాకు దొరకలేదు.

కాబట్టి నా రోమన్‌కి భుజాన రైఫిల్ ఉంటుంది, అది చేతిలోకి రావడం అరుదు. నడుముకి రెండు గ్రెనేడ్లు, ఒంటి మీద భాభా కవచ్ లాంటి జాకెట్, కాళ్లకి రబ్బరు బూట్లు, చేతిలో మడత పార. ఎనిమిది మందికి ఒక కంచర గాడిద ఉండేది కదా, దాని బదులు ఒక పికప్ ట్రక్కు. దళానికో జేసీబీ ఇస్తే మాత్రం వాళ్ల ఆనందానికి పట్టపగ్గాలుండవు, ఒక సాయంత్రం కందకం పని అరగంటలో తేలిపోతుంది.

పోతే, ఖర్చు. ముగ్గురిలో ఎవరి వేషం వేసినా ఇవాళ జాకెట్టూ బూట్లూ సర్కారు ఇస్తుంది. రోమ్‌లో అలా కాదు. ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో క్రీ.శ. 70ల నాటి జీతం చీటీ ఒకటి దొరికింది, గైయస్ మెస్సియస్ అనే సైనికుడిది. చేతికి రావాల్సింది 50 దెనారియస్‌లు. (నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో కుప్పగా దొరికిన రోమన్ వెండి నాణేలు ఈ దెనారియస్‌లే.) అందులో బార్లీకి 16, తిండికి 20, బూట్లకి 5, తోలు పట్టీలకి 2, నార చొక్కాకి 7 కోత. కూడితే సరిగ్గా 50. ఆ చీటీ ఫోటో మేనల్లుడికి పంపాను. మెస్సియస్‌ని పిలిచి ఈ కొత్త సామానంతా ముందు పెడితే, రైఫిల్ ఎలా పేలుతుందని అడగడు. జాకెట్‌కి ఎంత పట్టుకుంటారని అడుగుతాడు.