లంబసింగి ఘాట్‌లో ఆరు చలికాలాలు: హ్యాండిల్ మఫ్‌లు, రెయిన్ సూటు, మిగతా సరంజామా

మా ఇల్లు నర్సీపట్నంలో, నేను పాఠాలు చెప్పే బడి చింతపల్లి మండలంలో. పొద్దున్న ఆరున్నరకి స్ప్లెండర్ తీస్తే డౌనూరు దాకా పెద్ద ఇబ్బంది ఉండదు. అక్కడ ఘాట్ మొదలవుతుంది. లంబసింగి చేరేసరికి సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటాం. డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడిపోవడం ఏటా చూస్తున్నదే. మంచు చూడ్డానికి కార్లలో వచ్చేవాళ్ళకి ఆ రోజులు పండగ. బండి మీద డ్యూటీకి వెళ్ళే టీచర్లకీ, ఏఎన్‌ఎమ్‌లకీ, షాపులకి సరుకు వేసే కుర్రాళ్ళకీ మాత్రం ఈ చలిని ఎలా దాటాలన్నది రోజూ ఎదురయ్యే ప్రశ్న. 2019 నుంచి ఇప్పటికి ఆరు చలికాలాలు గడిచాయి. ఏం కొన్నానో, ఏది పక్కన పడేశానో, ఏది ఇప్పటికీ వాడుతున్నానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి చలికాలం నా దగ్గర ఉన్ని గ్లౌజులు, స్వెట్టరు, మంకీ క్యాపు, దాని మీద హెల్మెట్టు ఉండేవి. అందరూ వేసుకునేవే. ఒక సోమవారం ఘాట్ ముప్పాతిక వంతు ఎక్కాక మలుపులో బస్సు ఎదురొచ్చింది. కుడిచెయ్యి బ్రేకు లీవరు మీదే ఉంది, కానీ నొక్కుదామంటే వేళ్ళు ముడుచుకోలేదు. నాలుగు వేళ్ళూ కొయ్యబారిపోయాయి. కాలి బ్రేకు మీద నిలబడితే బండి ఆగింది, బస్సు పక్కనుంచి వెళ్ళిపోయింది. దిగి చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను. వేళ్ళలోకి మళ్ళీ నెత్తురు ఆడుతుంటే గోళ్ళ కింద సూదులు దింపుతున్నట్టు సలుపు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 11 మీటర్లు పోతుంది. వేళ్ళు ఒక్క సెకను ఆలస్యంగా పలికితే ఎంత దూరమో ఆ మలుపు దగ్గర నిలబడి కళ్ళతో కొలుచుకున్నాను. బ్రేకు షూలు ఎలా చూసుకుంటామో వేళ్ళ వెచ్చదనాన్నీ అలాగే చూసుకోవాలని అప్పుడు అనిపించింది.

ఉన్ని మంచిదే. కాకపోతే దాని వెచ్చదనమంతా అల్లికలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలిది. బండి కదిలితే ఎదురుగాలి ఆ వెచ్చటి గాలిని అవతలికి తోసేస్తుంది. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న చలిగాలి లెక్క ప్రకారం 5 డిగ్రీల చలిలో 40 కిలోమీటర్ల గాలి తగిలితే వంటికి మైనస్ 1 డిగ్రీలా అనిపిస్తుంది. లంబసింగిలో 5 డిగ్రీలున్న పొద్దున్న బండి తోలేవాడి ముఖానికి తగిలేది ఆ చలి. నేను తర్వాత కొన్న ప్రతి వస్తువునీ గాలిని ఆపుతుందా లేదా అన్న ఒక్క పరీక్షతోనే చూశాను.

ఆ పరీక్షలో అన్నిటికంటే ముందు నిలిచినవి హ్యాండిల్ మఫ్‌లు. నర్సీపట్నంలో సీటు కవర్లు కుట్టే షాపులో 350 రూపాయలకి కొన్నాను. పైన నల్ల రెగ్జిన్, లోపల బొచ్చు గుడ్డ, హ్యాండిల్‌కి బిగించే తాడు, చెయ్యి దూర్చడానికి వెడల్పాటి నోరు, అంతే. చూడ్డానికి ఏమంత అందంగా ఉండవు. కానీ మొదటిరోజే తేడా తెలిసింది. లంబసింగి జంక్షన్‌లో ఆగి టీ గ్లాసు అందుకున్నప్పుడు నా వేళ్ళకి గ్లాసు వేడి తెలిసింది. అంతకుముందు చలికాలంలో అదే గ్లాసు పట్టుకుంటే చేతిలో ఏముందో కూడా తెలిసేది కాదు.

మఫ్‌ల లోపల మందపాటి గ్లౌజులు అక్కర్లేదు. పల్చటి కాటన్ గ్లౌజు చాలు, ఒక్కోసారి అదీ అనవసరం. పల్చగా ఉంటేనే హారను, ఇండికేటరు మీటలు వేళ్ళకి తెలుస్తాయి. ఎందుకంటే మఫ్‌లు బిగించాక మీటలు కంటికి కనబడవు, అన్నీ తడిమి నొక్కాల్సిందే. కొత్తవాళ్ళు ముందు ఇంటి దగ్గర బండి స్టాండు వేసి, చేతులు లోపల పెట్టి, మీటలన్నీ చూడకుండా నొక్కడం అలవాటు చేసుకోవాలి. చెయ్యి చటుక్కున బయటికి తీయడం కూడా. మఫ్ నోటికి మణికట్టు దగ్గర బిగించుకునే తాడు ఉంటే దాన్ని బిగించకండి, కోసి పారేయండి. బండి పడితే చేతులు విడిగా రావాలి.

వీటితో ఒక ప్రమాదం ఉంది. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి. రెండో చలికాలంలో చింతపల్లిలో ఇంజను ఆయిలు మార్పించడానికి ఆగాను. మెకానిక్ కుర్రాడు ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, "మాస్టారూ, డ్రమ్ము కాలిపోతందండి. దారిలో ఎవరూ చెప్పలేదా, మీరొస్తుంటే చూశాను, బండి నడుస్తున్నంతసేపూ మీ బ్రేకు లైటు ఆరట్లేదు" అన్నాడు. బండి వేగానికి ఎదురుగాలి మఫ్‌ని వెనక్కి నెడుతుంటే, రెగ్జిన్ వెళ్ళి బ్రేకు లీవరుని మెల్లగా నొక్కుతోందట. ఆగి ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనబడదు, నడిచేటప్పుడే జరుగుతుంది. నెల రోజులుగా బండి లాగడం లేదని, మైలేజీ తగ్గిందని అనుకుంటున్నాను గానీ కారణం చేతి కిందే ఉందని తట్టలేదు. వెనకొచ్చే బండికి నా బ్రేకు లైటు ఎప్పుడూ వెలిగే ఉంటే, నేను నిజంగా బ్రేకు వేసినప్పుడు అతనికి ఎలా తెలుస్తుంది?

దానికి ఆ కుర్రాడే ఉపాయం చెప్పాడు. పాత పెయింటు బకెట్టు నుంచి రెండంగుళాల వెడల్పున ప్లాస్టిక్ పట్టీ కోసి, విల్లులా వంచి, మఫ్ ముందుభాగంలో లోపలివైపు పెట్టి చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాం. అప్పటినుంచి రెగ్జిన్ లీవరుకి రెండు వేళ్ళ ఎడంగా గూడులా నిలబడుతోంది. పై అంచుని అద్దం కడ్డీకి ఒక తాడుతో కట్టేశాను. మఫ్‌లు కొనేవాళ్ళు ఈ పని చేయించుకోకుండా ఘాట్ ఎక్కొద్దని నా విన్నపం. క్లచ్ వైపు కూడా చేయించండి. క్లచ్ సగం నొక్కుకుని ఉంటే ప్లేట్లు అరిగిపోతాయి.

వానకి తడిస్తే లోపలి బొచ్చు ఆరడానికి రెండు రోజులు పడుతుంది. ఎండాకాలం ఊడదీసి సంచిలో వేసి కలరా ఉండలు పెట్టాలి. ఒక ఏడాది పెట్టకపోతే ఎలుక బొచ్చు పీకేసింది. మొదటి జత నాలుగు చలికాలాలు వచ్చింది, ఇప్పుడున్నది రెండోది. హ్యాండిల్‌ని వేడిచేసే గ్రిప్పుల గురించి కూడా ఆలోచించాను. మా బడిలో 350 సీసీ బండి ఉన్న తోటి టీచరు వేయించుకున్నాడు, సుఖంగానే ఉందంటాడు. కానీ అవి 30, 40 వాట్ల దాకా లాగుతాయి. నా బండి హెడ్‌లైటే 35 వాట్లు. మంచులో లైటు వేసుకుని నడిచే దారిలో నూరు సీసీ బండి మీద అంత బరువు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇక వంటి సంగతి. మూడో చలికాలంలో ఆన్‌లైన్‌లో 6,500 పెట్టి లోపల వెచ్చటి పొర ఉన్న రైడింగ్ జాకెట్టు తెప్పించాను. మోచేతులకి, భుజాలకి రక్షణ పలకలున్నాయి, అందుకు దాన్ని మెచ్చుకోవాలి. కానీ దాని పైగుడ్డ జాలీ. మా ఎండలకి జాలీ కావాల్సిందే గానీ, ఘాట్‌లో గాలి నేరుగా లోపలి పొరని తాకేది. రెండో ఏడాదికి జిప్పు పళ్ళు ఊడాయి. కంపెనీకి రెండుసార్లు రాసినా జవాబు రాలేదు, దర్జీ దగ్గర కొత్త జిప్పు వేయించాను. ఇప్పటికీ వేసుకుంటాను, కాకపోతే దాని మీద వానాకాలం రెయిన్ సూటు తొడుక్కుంటాను. 900 రూపాయల రెయిన్ సూటు ఆ జాకెట్టుకి లేని పనితనాన్ని ఇచ్చింది. గాలి చుక్క కూడా దూరదు. ప్యాంటు కూడా వేసుకోండి, మోకాళ్ళు ఎదురుగాలికి తిన్నగా ఎదురుంటాయి. నలభై దాటినవాళ్ళకి ఆ చలి సాయంత్రం మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది.

రెయిన్ సూటుతో చిక్కల్లా చెమట. మొదట్లో ఇంటి దగ్గరే అన్నీ తొడుక్కుని బయలుదేరేవాణ్ణి. నర్సీపట్నంలో అంత చలి ఉండదు, డౌనూరు చేరేలోపే లోపల బనీను తడిసేది. ఆ తడితోనే ఘాట్ ఎక్కితే రెండు స్వెట్టర్లున్నా వణుకు ఆగేది కాదు. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, తడి బనీను వంటికి అంటుకుని ఉంటే వేరే శత్రువు అక్కర్లేదు. ఇప్పుడు రెయిన్ సూటు సంచిలో పెట్టుకుని డౌనూరులో ఆగి తొడుక్కుంటాను. ఐదు నిమిషాల పని. ఆరేళ్ళలో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ మేలు చేసిన మార్పు ఇదే. లోపల వేసుకునే థర్మల్స్ కూడా కాటన్‌వి మాని, తొందరగా ఆరిపోయే పాలిస్టర్ రకం తీసుకున్నాను. వంటిని పట్టి ఉండాలి గానీ బిగుసుకోకూడదు.

మరీ చలి ముదిరిన రోజుల్లో నిన్నటి పేపరు రెండు మడతలు వేసి ఛాతీ మీద, జాకెట్టు కింద పెట్టుకుంటాను. యూరప్‌లో సైకిలు పందేల వాళ్ళు కొండ కొసన పేపరు అందుకుని చొక్కాలో దోపుకుని దిగువకి దూకేవాళ్ళు, అదే పద్ధతి. ఛాతీకీ వేళ్ళకీ సంబంధమేమిటి అనిపించవచ్చు. నడిమి వంటికి చలి తగిలితే గుండె, ఊపిరితిత్తులు వెచ్చగా ఉండటానికి శరీరం చేతులకీ కాళ్ళకీ వెళ్ళే నెత్తురుని తగ్గించేస్తుంది. అందుకే వంటికి సరిగ్గా కప్పుకోకుండా ఎంత ఖరీదైన గ్లౌజులు తొడిగినా వేళ్ళు కొంకర్లు పోతూనే ఉంటాయి.

మెడకి మఫ్లరు మానేసి, తల మీదుగా తొడుక్కునే గుడ్డ గొట్టం వాడుతున్నాను. మఫ్లరు కొస ఎగిరి గొలుసులోనో చక్రంలోనో పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. వెనక కూర్చునే ఆడవాళ్ళ చున్నీ కూడా అంతే. మా ఆవిడ నాతో వచ్చిన రోజు చున్నీ స్వెట్టరు లోపలికి దోపుకున్నాకే బండి కదుపుతాను.

హెల్మెట్టు అద్దం మీద ఆవిరి పట్టడానికి నాకు ఇంకా పూర్తి మందు దొరకలేదు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క అద్దం లోపలివైపు రాసి, మెత్తటి గుడ్డతో గీతలు పోయేదాకా తుడిస్తే ఒక ట్రిప్పుకి పనిచేస్తుంది. అద్దం లోపల రెండో పొర బిగించే పిన్‌లాక్ రకం మంచిదంటారు, నా హెల్మెట్టుకి దాన్ని బిగించే పిన్నులు లేవు. అసలు కష్టం బయటి మంచు తడిది. దాన్ని తుడవాలంటే ఎడమచెయ్యి మఫ్‌లోంచి మాటిమాటికీ తీయాలి. లంబసింగి దగ్గర దారి పల్లంలోకి దిగే చోట మంచు మరీ దట్టం. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి కొండల మీంచి జారి ఆ పల్లంలో నిలుస్తుంది. అందుకే ఒక్కోసారి ఘాట్ పైమలుపుల్లో కంటే ఊరి దగ్గరే చలి ఎక్కువ కొడుతుంది. అక్కడ 20కి మించి తోలను, మరీ కనబడకపోతే ఆగిపోతాను. బడి గంట పది నిమిషాలు ఆలస్యంగా విన్నా పరవాలేదు.

ఆగినప్పుడు ఒక్క జాగ్రత్త. చాలామంది చేతులు ఇంజను మీద పెట్టి కాచుకుంటారు. మొద్దుబారిన చేతికి కాలుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. మా బడిలో వంట చేసే అమ్మ కొడుక్కి అరచెయ్యి అలాగే బొబ్బలెక్కింది. చంకల్లో పెట్టుకోండి, లేదా నెగడుకి కాస్త దూరంగా నిలబడి రుద్దుకోండి.

కాళ్ళ వేళ్ళ దగ్గర మాత్రం నేను ఇంకా గెలవలేదు. రెండు జతల సాక్సులు వేసి బిగుతు బూట్లు తొడిగితే నెత్తురు ఆడక చలి ఇంకా పెరిగింది. ఒక్క ఉన్ని సాక్సు, దాని మీద పాలిథిన్ కవరు, ఆపైన బూటు వేస్తే గాలి ఆగుతుంది గానీ చెమటకి సాక్సు తడిసి బళ్ళో మార్చుకోవాల్సి వస్తోంది, అందుకని సంచిలో ఇంకో జత ఉంటోంది. మొన్న సంక్రాంతి తర్వాత ఒక సైజు పెద్దవి, చీలమండ దాటి వచ్చే లెదర్ బూట్లు కొన్నాను. అప్పటికే చలి విరిగిపోయింది. వలిసె పూలు పూసే రోజులకి మళ్ళీ ఘాట్ చల్లబడుతుంది, అప్పుడు తొడిగి చూడాలి.