నల్లగొండలో నేర నవలల చిత్తుప్రతి చదివిపెట్టే సర్వీసు: ఏది వినాలి, ఏది వదిలేయాలి

గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక డీటీపీ షాపు మీద గదిలో నడుస్తుందిది. డిటెక్టివ్ నవల రాసినవాళ్లు చిత్తుప్రతి ఇస్తే చదివి రిపోర్టు రాసిస్తారు. చదివేది ఇద్దరు: పోలీస్ స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్‌గా చేసి రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకరు, తెలుగు పండిట్ ఒకరు. 200 పేజీల లోపైతే 2,500 రూపాయలు, సగం ముందు, సగం రిపోర్టు చేతికొచ్చాక. నెలా పదిహేను రోజులు పడుతుంది. ఆలస్యమే, కానీ ఫోన్ చేస్తే విసుక్కోరు.

రిపోర్టులో అసలు సరుకు సీన్ల పట్టిక. సీనుకో వరస, వరసకు మూడు గళ్లు: పరిశోధనలో కొత్తగా ఏం తెలిసింది, ఎవరి మనసుకు ఏం తగిలింది, దాంతో కథ ఎటు మళ్లింది. మొదటి గడి వరసగా మూడు సీన్లు ఖాళీగా ఉంటే కథ ఆగిపోయినట్టే. రెండో గడి ఖాళీగా పోతుంటే శవం ఎవరిదైనా పాఠకుడికి ఒకటే. మన డార్క్ నవలల్లో ఎక్కువగా కనిపించే రోగం ఈ రెండూ కాదు. రెండు గళ్లూ నిండే ఉంటాయి, వేర్వేరు సీన్లలో. ఇన్‌స్పెక్టర్ పగలంతా కాల్ డేటా చూస్తాడు, రాత్రి మందు సీసా ముందు కూచుని చనిపోయిన భార్యను తలుచుకుంటాడు. ఆ రాత్రి సీన్లన్నీ పీకేసి చూడండి, హంతకుడు ఎలాగూ దొరుకుతాడు. అంటే ఆ దుఃఖం పైనుంచి అంటించిందే.

షాపులో నమూనాగా చూపించే రిపోర్టు ఒకసారి అడిగి చదవండి, ఫీజులో సగం విలువ అక్కడే ఉంది. కథ మునుగోడు వైపు. పత్తి చేనుకు పోయిన కొడుకు సద్ది తిని చచ్చిపోతాడు. డబ్బాలో జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందుకు వెల్లుల్లి లాంటి వాసనే ఉంటుంది గనక కారం దాన్ని కప్పేసింది. పోలీసులు వచ్చేలోపు తల్లి ఆ డబ్బాను బూడిదతో తోమి అరుగు మీద బోర్లించింది. ఎస్సై అరుస్తాడు. ఆమె ఒక్కటే మాట అంటుంది: "ఎంగిలి డబ్బ గట్లనే ఉంచుతరా సారూ?" ఇంక ఏడుపు సీను అక్కర్లేదు. బిడ్డ పోయిన ఇంట్లో చేతులు అలవాటుగా చేసిన పని అది, కేసులో చిక్కుముడి కూడా అదే. ఒకే వరసలో మూడు గళ్లూ నిండాయి.

డబ్బా కడిగేయడంతో కేసే పోయిందని రాశాడు రచయిత. రైటర్ సారు, అంటే ఆ హెడ్ కానిస్టేబుల్, అక్కడ పట్టుకున్నాడు. పోస్టుమార్టంలో విసెరా, అంటే కడుపు, కాలేయం లాంటి లోపలి అవయవాల ముక్కలు తీసి ఉప్పు ద్రావణంలో వేసి ల్యాబుకు పంపుతారు, మందు జాడ అందులో దొరుకుతుంది. పోయిందల్లా ఆ మందు దేంట్లో కలిసింది, ఎవరి చెయ్యి పడింది అన్నదే. పైగా ల్యాబు రిపోర్టు మర్నాడే రాదు. ఆ వ్యవధిలో ఊరు "అప్పులకు తాళలేక తాగిండు" అని తేల్చేస్తుంది, కాదని తల్లికి మాత్రమే తెలుసు. కథలో లోతు కోసం వెతుక్కునే రచయితకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. రెండు పేజీలు కాదు, ఇరవై పేజీలు రాయొచ్చు.

సెక్షన్ల దిద్దుబాటు కూడా నమ్మదగ్గదే. 2024 జులై 1 తర్వాత జరిగే కథలో అనుమానాస్పద మృతిని పాత సీఆర్‌పీసీ 174 కింద కాదు, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద రాస్తారు. హంతకుడు స్టేషన్‌లో కుమిలిపోయి అంతా ఒప్పుకుంటే కోర్టులో నిలవదు. కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ మాటల్ని బట్టి ఏదన్నా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత వరకే చెల్లుతుంది. నిలవాలంటే మేజిస్ట్రేటు ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద చెప్పాలి. కాబట్టి ఆ ఏడుపులోంచి పురుగుల మందు సీసా ఎక్కడ పడేశాడో ఒక్క ముక్క జారాలి.

పండిట్‌గారి నోటు దగ్గరే జాగ్రత్త. ప్రతి మూడు ఆధారాల సీన్లకు ఒక భావోద్వేగ సీను అని లెక్క పెడతారాయన. పచ్చడికి కొలతలా ఉంది గానీ నవలకు పనికిరాదు. ఇందాకటి అంటించిన దుఃఖం పుట్టేదే ఈ లెక్కలోంచి. 200 పేజీల్లో మూడు గళ్లూ ఒకేసారి నిండే సీన్లు నాలుగైదు పడితే చాలు, మిగతావి ఆధారాల మీదే పరుగెత్తినా నష్టం లేదు. ఇంకొకటి, ఆ తల్లి మాటను ఎర్ర ఇంకుతో పుస్తక భాషలోకి దిద్దిపెట్టారు. అలా దిద్దితే ఆమె మునుగోడు మనిషిలా కాదు, రేడియో వార్తలు చదివే మనిషిలా వినిపిస్తుంది.

మొదటి చిత్తు ఇవ్వకండి. హంతకుడు ఎవరో మీకే తేలని దశలో పట్టికంతా ఖాళీ గళ్లే వస్తాయి. పేజీకి ఒకవైపే ప్రింటు తీయించండి, అంచున రెండంగుళాలు వదలండి, రైటర్ సారు అక్కడే రాస్తాడు. భాషా నోటు వద్దని ముందే చెబితే 400 తగ్గిస్తారు. చెప్పండి.