జిమ్ మొహం మొత్తితే: డీలోడా, పూర్తి సెలవా, ప్రోగ్రాం మార్పా?

"నెలల తరబడి మానకుండా చేశాను. ఈమధ్య జిమ్ బ్యాగు చూస్తేనే విసుగొస్తోంది. వారం మానేయనా, బరువులు తగ్గించనా, ప్రోగ్రాం మార్చేయనా?" అడిగే తీరు మారుతుందేమో గానీ ప్రశ్న మాత్రం ఇదే. మూడూ పనిచేస్తాయి. అయితే ఒంటికి పట్టిన అలసటకు పనికొచ్చేది మనసుకు పుట్టిన విసుగుకు పనికిరాదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది అలిసింది ఏదని.

దీనికి వామప్ చాలు. స్క్వాట్‌లో, అంటే భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచేదాంట్లో, మీ అసలు సెట్లు (ఆగకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్) 100 కిలోలతో అనుకుందాం. ఖాళీ బార్, 40, 60, 80 అంటూ ఎప్పటిలాగే పెంచుకుంటూ వెళ్లి, 80 దగ్గర గమనించండి. అది చకచకా లేచి, వామప్ అయ్యేసరికి హుషారు వచ్చిందంటే ఒళ్లు బాగానే ఉంది. విసిగింది మనసు, అదీ చేసిందే చేసి చేసి. అలా కాక 80 కూడా కింద నుంచి ఈడ్చుకుంటూ లేస్తుంటే, మోకాళ్లో మోచేతులో పీకుతుంటే, పొద్దున లేవగానే చూసిన నాడి మామూలుకన్నా వేగంగా ఉంటే అలసట ఒంట్లోనే పేరుకుంది. ఒక్కరోజు చూసి మాత్రం తీర్మానించుకోకండి. నిద్ర చాలకపోతే మర్నాడు ఎవరికైనా 80 బరువే. వరుసగా మూడు వర్కౌట్లు చూడండి. జిమ్ ఒక్కటే కాదు, ఇష్టమైన పనులన్నీ చప్పగా తోస్తూ, అలా రెండు వారాలు దాటితే అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన సంగతి.

ఒళ్లు అలిసినప్పుడు నా ఓటు డీలోడ్‌కే, అంటే జిమ్ మానకుండానే ఒక వారం తేలిగ్గా చేయడానికి. చాలామంది చేసే డీలోడ్‌కి కాదు. బార్ మీద బరువు సగానికి దించి, అన్ని సెట్లూ యథాతథంగా చేసి, పైగా "తేలిగ్గా ఉంది కదా" అని సెట్‌కి ఇరవేసి రెప్స్ (ఒకసారి దించి ఎత్తితే ఒక రెప్) లాగుతారు. మర్నాడు మామూలు రోజుకన్నా ఎక్కువ నొప్పులు. అలసటను పెంచేది ముఖ్యంగా సెట్ల సంఖ్య, ప్రతి సెట్‌నీ ఫెయిల్యూర్ దాకా, అంటే ఇక ఒక్క రెప్ కూడా రానంతదాకా, లాగడం. బలాన్ని, లిఫ్ట్ (స్క్వాట్ లాంటి బరువెత్తే వ్యాయామం) మీద పట్టుని నిలిపేది బరువు. అందుకే కోయాల్సింది సెట్లను. 100 కిలోలతో 5 రెప్స్ చొప్పున 5 సెట్లు చేసేవారు ఆ వారం 90 కిలోలతో 3 రెప్స్ చొప్పున 2 సెట్లు చేస్తే చాలు. ఏ సెట్ ముగించినా ఇంకో నాలుగు రెప్స్ వచ్చేలా ఉండాలి. బెంచ్, రో కూడా ఇంతే. కర్ల్స్, లాటరల్ రైజ్ లాంటివి ఒక్కో సెట్, లేదా అసలే వద్దు. అరగంటలో బయటపడొచ్చు.

వెళ్లే రోజులూ వేళా మాత్రం మార్చకండి. నేను డీలోడ్ వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. పోయిన బలాన్ని తెచ్చుకోవడం తేలికే, తెగిన అలవాటును అతికించడం కష్టం. ఆ వారం మూడో రోజుకే ఒళ్లు తేలికపడి బరువు పెంచాలనిపిస్తుంది, పెంచకండి. వారం చివర మ్యాక్స్ (ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువు) పరీక్షించుకునే ఆలోచన కూడా వద్దు. తర్వాతి వారం 95 కిలోలతో, ఒక సెట్ తగ్గించి మొదలుపెట్టి, ఆ పై వారం పూర్తి లెక్కకు రండి.

పూర్తి సెలవు ఎవరికంటే, కీళ్ల నొప్పి వామప్‌తో కూడా తగ్గనివారికి, లేదా డీలోడ్ చేశాక కూడా 80 బరువుగానే ఉన్నవారికి. వారంలో కండ కరిగిపోదు. అద్దంలో చదునుగా కనిపించేది కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం (గ్లైకోజెన్), దాంతోపాటు ఉండే నీరు తగ్గడం వల్ల. మళ్లీ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో అది తిరిగొస్తుంది. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, 9 వారాల ప్రోగ్రాం మధ్యలో వారం పూర్తిగా మానేసినవారికీ మానకుండా చేసినవారికీ కండ పెరుగుదల దాదాపు ఒకటే. కాళ్ల బలంలో మాత్రం మానేసినవారు కాస్త వెనకబడ్డారు. తిరిగి వెళ్లిన రోజు 90 శాతం బరువు, సగం సెట్లు చాలు, లేకపోతే నొప్పులతో మూడు రోజులు మెట్లెక్కలేరు. ఏ తేదీన తిరిగి వెళ్లేదీ మానేసే ముందే రాసుకోండి. వారం సెలవు నెల అయ్యేది ఆ తేదీ లేకే.

మనసు విసిగితే మార్చాల్సింది ప్రోగ్రాం. మొత్తం కాదు, ఒకటి రెండు ప్రధాన లిఫ్ట్‌లు, రెప్స్ లెక్క. బార్ వీపు వైపు పెట్టుకునే బ్యాక్ స్క్వాట్ బదులు, భుజాల ముందు పెట్టుకునే ఫ్రంట్ స్క్వాట్ చేస్తే బరువు ఇంచుమించు 80 శాతానికి దిగుతుంది, నెలలుగా కదలని ఆ 100 కళ్లముందు నుంచి తప్పుకుంటుంది. 5 రెప్స్ చేసేవారు 8 నుంచి 10కి వెళ్లొచ్చు. కొత్త లిఫ్ట్‌కి మొదటి వారం రెండు సెట్లు దాటకండి. తొలి రెండు మూడు వారాల్లో బరువు గబగబా పెరగడం ఎక్కువగా కదలిక అలవాటు కావడం వల్లే. ఆ జోరు తగ్గగానే మళ్లీ ఇంకో ప్రోగ్రాంకి దూకితే ఎక్కడా ఎదగరు. కనీసం 6 నుంచి 8 వారాలు ఉండండి. ఒళ్లు అలిసినవారికి ఈ మార్పు దండగ. పేర్లు మారాయి గానీ సెట్లు అన్నే కదా.

బరువు తగ్గడానికి నెలలుగా తిండి కోసుకుంటున్నవారికి పై మూడూ అరకొరగానే పనిచేస్తాయి. వారు ముందు రెండు వారాలు బరువు నిలబడేంత తినాలి, ముఖ్యంగా పిండిపదార్థాలు. సగం మందికి అక్కడితోనే 80 మళ్లీ తేలికవుతుందని నా అనుమానం.

కొత్త పాటలు, కొత్త బూట్లు, జిమ్‌కి తోడు: తప్పు లేదు, నాలుగు రోజులు పనిచేస్తాయి. వర్కౌట్‌కి ముందు హుషారు కోసం కలుపుకుని తాగే ప్రీ వర్కౌట్ పొడి సంగతి వేరే. అందులోని కెఫీన్ అలసటను దాస్తుంది, తీర్చదు. సాయంత్రం ఆరింటికి తాగితే రాత్రి పదకొండుకి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడి, మర్నాడు ఇంకో చెంచా కావాలనిపిస్తుంది.