మిల్లింగ్ మెషీన్‌కి వీఎఫ్‌డీ: నాలుగేళ్లు వాడాక

నాకు బెల్టు మార్చడమంటే చిరాకు. ఆ చిరాకు లేకపోతే వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్, కొనే ఖర్చే ఉండేది కాదు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నా చిన్న మిల్లింగ్ మెషీన్‌కి (తిరిగే కట్టర్‌తో లోహం కోసేది) ఐదు మెట్ల పుల్లీ ఉంది. ఇత్తడికి ఒక మెట్టు, ఎంఎస్‌కి (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) ఒకటి, డ్రిల్లు బిట్టు సైజు మారితే ఇంకొకటి. ప్రతిసారీ మూత తీసి, మోటారు బోల్టు వదులు చేసి, బెల్టు జరిపి, మళ్లీ బిగించాలి. ఆదివారం రెండు గంటలు షెడ్డులో కూర్చుంటే అరగంట దానికే పోయేది. చేతికంటిన రబ్బరు మసి సోమవారం బడిలో సుద్దముక్క మీద కనబడేది.

పాత సింగిల్ ఫేజ్ మోటారుకే ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలించొచ్చు కదా అని చాలామంది అడిగారు. కుదరదు. మోటారు వేగం అందుకున్నాక స్టార్టింగ్ వైండింగ్‌ని విడదీసే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఒకటి లోపల ఉంటుంది, వేగం బాగా తగ్గితే అది మళ్లీ కలుసుకుంటుంది. ఆ వైండింగ్‌లో కరెంటు ఆగకుండా పారి వైండింగే కాలిపోతుంది. అందుకే త్రీఫేజ్ మోటారు, దానికో వీఎఫ్‌డీ కొన్నాను. ఇంట్లో ఉన్నది సింగిల్ ఫేజే అయినా డ్రైవ్ దాన్ని మూడు ఫేజులుగా చేసి ఇస్తుంది.

మోటారు విశాఖలో సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికింది. ఒక హెచ్‌పీ, 1440 ఆర్‌పీఎం. నేమ్‌ప్లేట్ మీద 415 వోల్టులు, 1.8 ఆంపియర్లు అని ఉంది. చదివాను. చదివి వదిలేశాను.

బిగించిన రోజు పండగే. నాబ్ తిప్పుతుంటే కట్టర్‌ని తిప్పే స్పిండిల్ మెల్లగా కదిలి, పాటలా పైకి లేచింది. మా ఆవిడని పిలిచి మరీ చూపించాను. మర్నాడు వైస్‌లో ఎంఎస్ ముక్క పెట్టి కట్టర్ ఆనించగానే మోటారు మూలిగి ఆగిపోయింది. కట్ సగానికి తగ్గించాను, మళ్లీ అదే. డ్రైవ్‌లో టార్క్ (తిప్పే బలం) బూస్ట్ పెంచాను. బలం రాలేదు గానీ మోటారు మీద చెయ్యి ఆనలేనంత వేడొచ్చింది. మూడు వారాలు డ్రైవ్‌దే తప్పనుకుని, అమ్మినాయనకి ఫోను మీద ఫోను చేసి విసిగించాను. ఆయన తప్పేమీ లేదు. షాపువాడు మాత్రం మోటారు అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. ఆ కోపం ఇంకా ఉంది.

చివరికి మా విజయనగరంలో గంటస్తంభం దాటాక ఉన్న ఒక పెద్దాయన వైండింగ్ షాపుకి మోటారు మోసుకెళ్లాను. నేమ్‌ప్లేట్ మీద వేలుతో తుడిచి, నవ్వారు. "మేస్టారూ, ఇది స్టార్‌లో కట్టిన మోటారండి. నాలుగొందల పదిహేను మీద నడిచేది. మీ డబ్బా ఇచ్చేది రెండొందల ముప్పయ్యే. అరకడుపు మేతేసి అరక కట్టమంటే ఎలగండి?"

ఫిజికల్ సైన్స్ చెప్పేవాడిని. తలెత్తలేకపోయాను. స్టార్ అంటే మూడు వైండింగ్‌ల ఒక్కో కొసనీ ఒకేచోట కలిపే పద్ధతి. 415ని 230తో భాగిస్తే 1.8, సుమారుగా రూట్ మూడు. ఒక్కో వైండింగ్‌కి అందాల్సిన వోల్టేజీ అంతమేర తగ్గితే టార్క్ దాని వర్గం లెక్కన, అంటే మూడో వంతుకి పడిపోతుంది. డెల్టాకి, అంటే మూడింటినీ త్రికోణంలా కలిపే పద్ధతికి, మారిస్తే సరిపోతుంది. కానీ ఆ మోటారుకి బయటికొచ్చినవి మూడు వైర్లే. స్టార్ పాయింట్ లోపలే కట్టేశారు.

"సిరిమాను అయ్యాక రండి" అన్నారు. పైడితల్లి పండగ ముందు ఊళ్లో ఏ పనీ తెమలదు కదా. పది రోజుల తరవాత నేనూ పక్కనే కూర్చున్నాను. కాయిల్ అంచున నూలుదారం చుట్టి వార్నిష్ పోసిన గట్టి ముద్ద ఒకటుంది. బ్లేడుతో దారం ఒక్కో చుట్టూ కోశారు. స్లీవు లాగితే లోపల మూడు రాగి తీగలు కలిపి మెలేసి ఉన్నాయి. నా మూడు వారాల తలనొప్పి వేలెడంత కూడా లేదు. మూడింటినీ విడదీసి, వైర్లు అతికి, ఆరు వైర్లూ టెర్మినల్ బాక్సులోకి తెచ్చారు. ఆరొందలు తీసుకున్నారు. డ్రైవ్‌లో మోటారు కరెంటు 3.1గా మార్చాను. ఆ రోజు నుంచి మోటారు మూలగలేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చినది చెబుతాను. నేను కొన్నది వేగం కోసం, దొరికింది మాత్రం చెవికి సుఖం. 12 ఎంఎం కట్టర్ ఒక్కోసారి జాబ్ (కోస్తున్న ముక్క) మీద కీచుమని అరుస్తుంది, కోసిన చోట అలలు పడతాయి. ఇదివరకు పళ్లు బిగించి భరించేవాణ్ణి. ఇప్పుడు కట్ నడుస్తుండగానే నాబ్‌ని 50 నుంచి 43 హెర్ట్జ్ దాకా తిప్పితే, ఎక్కడో ఒకచోట అరుపు టక్కున ఆగి నునుపైన రొద మిగులుతుంది. బెల్టుతో ఇది కలలో మాట.

అయితే మొదటి సంవత్సరం "ఇక బెల్టు ముట్టక్కర్లేదు" అని నలుగురికీ చెప్పాను. ఆ మాట కొంచెం దిద్దుకోవాలి. బెల్టుతో వేగం తగ్గిస్తే బలం పెరుగుతుంది, నాబ్‌తో తగ్గిస్తే పెరగదు. 25 హెర్ట్జ్ దగ్గర ఒక హెచ్‌పీ కాస్తా అర హెచ్‌పీ అవుతుంది. మోటారు ఫ్యాను దాని షాఫ్ట్ మీదే కాబట్టి గాలీ తగ్గుతుంది. 50 ఎంఎం హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) కట్టర్ ఎంఎస్ మీద నడవాలంటే 160 ఆర్‌పీఎం చాలు, దానికి ఇప్పటికీ బెల్టుని కింది మెట్టుకి దించాల్సిందే. నెలకి రెండుమూడు సార్లు, అంతే.

చిన్నచిన్న బాధలున్నాయి. వేసవి సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ 180కి జారితే డ్రైవ్ లో-వోల్టేజ్ చూపించి ఆగిపోతుంది. అందుకే ఎండాకాలం పొద్దున్నే పని. పాత స్విచ్చుని డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య ఉంచలేదు. నడుస్తుండగా అక్కడ తెగ్గొడితే డ్రైవే పోవచ్చు. దాని వైర్లు కంట్రోల్ టెర్మినల్స్‌కి కలిపాను. ఒకసారి వానాకాలంలో, మెయిన్ తీసేసి కెపాసిటర్లు దిగడానికి పది నిమిషాలు ఆగి మూత తెరిస్తే, వేడిని బయటికి పంపే హీట్‌సింక్ రెక్కల మధ్య రెండు తెల్లటి బల్లి గుడ్లు. వెచ్చగా ఉంది కదా మరి. అప్పట్నుంచి సన్న జాలీ బిగించాను.

మీరూ పెట్టించుకోవచ్చా అంటే, నాది ఆదివారం పని, షెడ్డుకి సరైన ఎర్తింగ్ ఉంది, ఊళ్లో మోటారు విప్పగల పెద్దాయన ఉన్నారు. ఈ మూడోది లేకపోతే సెకండ్‌హ్యాండ్ జోలికి పోకుండా, డెల్టాలో 230కి నడిచే ఆరు టెర్మినళ్ల మోటారే అడిగి కొనండి. షాపుకి త్రీఫేజ్ సప్లై ఉన్నవాళ్ల లెక్క వేరు.

పాత సింగిల్ ఫేజ్ మోటారు బల్ల కింద గోనె కప్పుకుని ఉంది. అమ్మేయమని మా ఆవిడ ఏడాదికోసారి గుర్తు చేస్తుంది. ఇంకా అమ్మలేదు.