ఆరేళ్లుగా తాగుతున్న కాయోర్ రెడ్ వైన్: దేనితో కుదిరింది, దేనితో కుదరలేదు

ఫ్రాన్స్‌లోని తులూజ్‌కి ఉద్యోగానికి వచ్చి ఆరేళ్లయింది, అప్పటి నుంచీ మా ఇంట్లో ఎప్పుడూ ఉండే రెడ్ వైన్ కాయోర్ ఒక్కటే. ఇక్కడి నుంచి ఉత్తరానికి వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే లోట్ నది మూడు వైపులా చుట్టుకున్న కాయోర్ పట్టణం వస్తుంది, అక్కడి నుంచి పడమటికి నది వెంబడే ద్రాక్ష తోటలు.

మొదటిసారి తిండి ఏమీ లేకుండా ఒట్టిగా తాగాను. పచ్చి నేరేడుకాయ కొరికినట్టు నాలుక మొద్దుబారి బుగ్గలు లోపలికి పట్టేశాయి, సగం సీసా సింకులో పోసేశాను. ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది. ఇందులో కనీసం 70 శాతం మాల్బెక్ ద్రాక్ష ఉండాలని నియమం, మిగతాది మెర్లో, తన్నా అనే ద్రాక్ష రకాలు. ఆ ద్రాక్ష తొక్కల్లోని టానిన్లే ఈ వగరు. నోట్లో కొవ్వూ మాంసమూ ఉంటే టానిన్లు వాటిని పట్టుకుంటాయి, మన నాలుకని వదిలేస్తాయి.

అది నాకు అర్థమైంది బాతు కాలుతో. దాని కొవ్వులోనే గంటల తరబడి సన్న సెగమీద ఉడికించిన కాలు, తోలు పెళపెళలాడేదాకా ఓవెన్‌లో పెట్టి, అదే కొవ్వులో వెల్లుల్లి వేసి వేయించిన బంగాళాదుంపలతో తింటారు ఇక్కడ. ఒక ముక్క, ఒక గుక్క. కొవ్వు వెగటు పోయింది, వైన్ వగరూ పోయింది, నల్ల ప్లమ్ పండు రుచి మాత్రం మిగిలింది. తెల్ల చిక్కుడు గింజలు, సాసేజీలు వేసి వండే కసూలేకి కూడా ఇంతకంటే మంచి జోడీ నాకు దొరకలేదు.

మా పక్కింటి పెద్దాయన పుట్టింది కాయోర్ దగ్గరే. సూప్ అడుగున నాలుగు చెంచాలు మిగిలాక వేడివేడిగా ఉండగానే అందులో ఇంత వైన్ పోసి, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగేస్తాడు, దాన్ని షాబ్రో అంటారట. నేనూ చేసి చూశాను, చలికాలం రాత్రి చాలా హాయిగా ఉంది.

మన వంటల సంగతి కచ్చితంగా చెప్పాలి. గోంగూర మటన్‌తో వద్దండీ, ఆ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది, పైగా పచ్చిమిర్చి కారానికి ఆల్కహాల్ గొంతులో మండుతుంది. కారం బాగా తగ్గించి, మిరియాలు, నెయ్యి వేసి దగ్గరికి వేయించిన మటన్ వేపుడు మాత్రం బాగా కుదిరింది. చేపలతో అసలు వద్దు, నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. మాంసం తినని మా ఆవిడ పుట్టగొడుగులు, అక్రోట్లు, కాల్చిన బ్రెడ్ మీద కాస్త ముదిరిన రోకమదూర్ మేక చీజ్‌తో తాగుతుంది.

వేసవిలో ఇక్కడ గది వేడి 30 డిగ్రీలు దాటుతుంది, ఒక రెస్టారెంట్‌లో ఆ వేడిలోనే తెచ్చి పోశారు, స్పిరిట్ వాసన తప్ప ఏమీ తెలియలేదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి, 16, 17 డిగ్రీలు చాలు. ఈమధ్య పంట సీసా అయితే గంట ముందే జగ్గులోకి వంపండి.

2018 పంటది ఆరు సీసాల పెట్టె కొని ఏడాదికి ఒకటి చొప్పున తీస్తున్నాను. మొదటిది సిరాలా నల్లగా, బిరుసుగా ఉంది. నాలుగోదానికి గ్లాసులో వైన్ అంచు ఇటుక రంగుకి తిరిగింది, పండు వాసన వెనక్కి తగ్గి తోలు, తడి అడవి నేల వాసన ముందుకొచ్చింది, వగరు మెత్తబడింది. తొందరపడి అన్నీ తాగేయనందుకు సంతోషంగా ఉంది. ఇంకా రెండున్నాయి. చలికాలంలో కాయోర్ దగ్గరి లాల్బెంక్ ఊళ్లో మంగళవారాలు నల్ల ట్రఫుల్ (నేలలోపల పెరిగే, ఘాటైన వాసనుండే పుట్టగొడుగు లాంటిది) సంత పెడతారు, ఈసారి వెళ్లి చిన్నదొకటి తెచ్చి, గుడ్ల అట్టులో తురిమి, ఐదోది తీస్తాను.