బాటిళ్ళా, టటామీనా: ఇంట్లో టెస్ట్ కటింగ్‌కి ఏది మేలు?

లాంగ్‌సోర్డ్ (రెండు చేతులతో పట్టే పాతకాలపు యూరప్ కత్తి) నేర్చుకునే మనవాళ్ళలో ఈమధ్య షార్ప్ కత్తి కొనేవాళ్ళు ఎక్కువయ్యారు, పార్సిల్ విప్పగానే అందరూ అడిగేది ఒకటే, అన్నా ఇప్పుడు దేన్ని నరకాలి అని. వాటర్ బాటిళ్ళు సరిపోతాయా, లేక డబ్బులు పెట్టి టటామీ చాపలు తెప్పించుకోవాలా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. నా ఓటు టటామీకే, అది ముందే చెప్పేస్తా, కానీ బాటిళ్ళని మాత్రం తీసిపారేయను.

చదివేవాళ్ళకి ఫెడర్‌తో (స్పారింగ్‌కి వాడే పదును లేని కత్తి) కొన్నాళ్ళ ప్రాక్టీస్ ఉందని, ఓబర్‌హౌ (పైనుంచి వేసే కట్), ఉంటర్‌హౌ (కింద నుంచి వేసేది), ఫోమ్ టాగ్ (కత్తి పైకెత్తి నిలబడే భంగిమ) లాంటివి మళ్ళీ వివరించక్కర్లేదని అనుకునే రాస్తున్నా. ఉన్న ఫెడర్‌కే పదును పెట్టించి నరికేద్దాం అనే ఐడియా ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి, దాని అంచు మందం, బ్లేడు వంగే గుణం అన్నీ స్పారింగ్ కోసం చేసినవి, పదును పెడితే అది ఫెడరూ కాదు కత్తీ కాదు. ఇంకోటి, నేను చెప్పేదంతా అమెరికాలో చుట్టూ ఫెన్స్ ఉన్న బ్యాక్‌యార్డ్ లెక్కలో చెప్తున్నా. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉన్నవాళ్ళు దయచేసి క్లబ్‌కి వెళ్ళి నరకండి.

బాటిళ్ళ సంగతి ముందు చూద్దాం. ఖర్చు లేదు, రీసైక్లింగ్ డబ్బాలో ఎప్పుడూ ఉంటాయి, నీళ్ళు నింపి మూత బిగించి ఒక చెక్క దిమ్మ మీద పెడితే పని మొదలైపోతుంది. అరలీటరు వాటర్ బాటిళ్ళు మరీ పల్చన, వాటితో తెలిసేది ఏమీ ఉండదు, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిళ్ళు బెటర్, గ్యాలన్ పాల క్యాన్లు ఇంకా మెత్తగా ఉండి బాగా తెగుతాయి. కట్ బాగా పడితే పైముక్క ఎగిరిపోయి కిందిముక్క నీళ్ళతో సహా దిమ్మ మీద అలాగే కూర్చుంటుంది, అది చూసినప్పుడు వచ్చే ఆనందం వేరే లెవెల్ అని ఒప్పుకుంటా. ఎడ్జ్ కాస్త అడ్డం తిరిగినా, అంచు మొద్దుబారినా బాటిల్ నలిగి ఎగిరి అవతల గడ్డిలో పడుతుంది. అంటే తప్పో ఒప్పో వెంటనే తెలుస్తుంది.

సమస్య కూడా అక్కడే ఉంది. బాటిల్ చెప్పేది అవును లేదా కాదు, అంతే. ఎందుకు కాదో చెప్పదు. నడుము ఆలస్యంగా తిరిగిందా, ఎడమచెయ్యి పొమ్మెల్‌ని (పిడి చివరి గుండు) ముందే లాగేసిందా, కట్ మొదట్లో ఎడ్జ్ బాగానే ఉండి మధ్యలో మణికట్టు మెలికపడిందా, ఇవేవీ నలిగిపోయిన ప్లాస్టిక్‌ని చేతిలో పట్టుకుని చూస్తే తెలియవు. ఇంకో ఇబ్బంది ఏంటంటే బాటిల్‌కి స్పీడ్ ఉంటే చాలు, ఒళ్ళు కలవకుండా ఒట్టి మోచేతులతో విసిరినా ఎడ్జ్ సూటిగా ఉంటే తెగిపోతుంది, దాంతో నాకు కటింగ్ వచ్చేసింది అనుకుని జనం ఇంకా గట్టిగా ఇంకా వేగంగా ఊపడం మొదలుపెడతారు, చివరికి అది సోర్డ్‌ఫైటింగ్ పోయి బేస్‌బాల్ అయిపోతుంది.

అయితే బాటిల్‌కి ఒక గొప్ప ఉపయోగం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అది తేలిక కాబట్టి బ్లేడుని ఆపదు, ఆపాల్సింది మీరే. జోర్న్‌హౌ (భుజం మీంచి ఏటవాలుగా వేసే కట్) వేసి కత్తి మొన ఎదుటివాడి ముఖం వైపు చూసేలా లాంగోర్ట్‌లో, అంటే చేతులు ముందుకి చాచిన భంగిమలో, ఆగడం అనేది స్పారింగ్‌లో మనకి కావాల్సిన పని, పాతకాలపు జర్మన్ కత్తి గురువు లిక్టెనావర్ పద్ధతిలో ఆ కట్ వెనకాలే పోటు వస్తుంది కదా. బాటిల్‌ని కోసుకుంటూ వెళ్ళి అక్కడ ఆగగలిగితే కంట్రోల్ ఉన్నట్టు, ఆగలేక కత్తి మోకాలి దాకా దిగిపోతే లేనట్టు. అలా దిగిపోయిన కత్తి ముందున్న కాలి దగ్గరికి వస్తుంది, షార్ప్‌తో ఇది నవ్వులాట కాదు. ఈ ఒక్క డ్రిల్‌కి టటామీ కన్నా బాటిలే మేలు.

ఇక టటామీ. ఇగుసా రెల్లుతో నేసిన చాప పైపొర ఇది, సుమారు ఆరడుగులు బై మూడడుగులు ఉంటుంది, చుట్టి రబ్బర్ బ్యాండ్లు వేసి నీళ్ళలో నానబెట్టి, తర్వాత నీరు ఓడ్చి చెక్క మేకు ఉన్న స్టాండ్‌కి గుచ్చుతాం. రాత్రి నానేస్తే మర్నాడు సాయంత్రానికి రెడీ. అంతకన్నా ఎక్కువ రోజులు నీళ్ళలో వదిలేస్తే జిగురెక్కి వచ్చే వాసనకి ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని కూడా బయటే పడుకోమంటారు.

నేను టటామీ వైపు మొగ్గడానికి ఒకే కారణం, తెగిన ముఖం. కట్ అయ్యాక స్టాండ్ మీద మిగిలిన చాప ముక్క పైభాగాన్ని దగ్గరికి వెళ్ళి చూడండి, మీ చేతులు ఏం చేశాయో మొత్తం అక్కడ రాసి ఉంటుంది. ముఖం అద్దంలా సమతలంగా ఉంటే ఎడ్జ్ మొదటి నుంచి చివరి దాకా ఒకే దారిలో వెళ్ళినట్టు. గరిటెతో తోడినట్టు లోపలికి వంపు తిరిగి ఉంటే కట్ మధ్యలో బ్లేడు తిరిగినట్టు, చాలామందికి ఇది చేతులు తొందరపడి కిందికి లాగడం వల్లే వస్తుంది. మొదటి సగం నున్నగా ఉండి రెండో సగం పీచులు పీచులుగా చిరిగి ఉంటే స్పీడ్ దారిలోనే చచ్చిపోయిందన్నమాట, అడుగు ముందు పడి కట్ వెనకబడినా ఇలాగే అవుతుంది. మీరు 45 డిగ్రీలు అనుకుని వేసింది నిజానికి 60 అయిందా 30 అయిందా అనేది కూడా ఆ ముక్క మీద కొలిచి చూడొచ్చు. అసలు తెగకుండా చాప మొత్తం మేకు మీంచి ఊడి పడిపోతే ఎడ్జ్‌తో కాకుండా బ్లేడు చెంపతో కొట్టారు.

పైగా ఒక్క రోల్‌కి పైనుంచి కిందికి ఆరేడు కట్లు హాయిగా వస్తాయి. దీనివల్ల వరసగా కలిపి వేయొచ్చు, కుడి ఓబర్‌హౌ వేసి చెయ్యి ఆగకుండా అదే దారిలో కింద నుంచి ఉంటర్‌హౌ, మళ్ళీ పైనుంచి. బాటిల్‌తో ఒక్క కట్ కాగానే ఇంకోటి తెచ్చి పెట్టుకోవాలి, ఆ లయ రాదు. అసలు పరీక్ష కావాలంటే స్వెర్క్‌హౌ వేసి చూడండి. బొటనవేలు కింద పెట్టి కుడివైపు నుంచి షార్ట్ ఎడ్జ్‌తో (మనవైపు ఉండే వెనక అంచు) అడ్డంగా వేసే కట్ అది, స్పారింగ్‌లో అందరం టపటపా వేసేస్తుంటాం, మాస్క్‌కి తగిలితే పాయింట్ కూడా ఇచ్చేస్తారు, కానీ తడి చాప మీద అదే కట్ వేస్తే చాలామందికి రెండంగుళాలు కూడా దిగదు. ఆ తర్వాత స్పారింగ్‌లో స్వెర్క్ వేసే తీరే మారిపోతుంది, బ్లేడుని ఎదుటివాడి తల మీద ఆనించడానికీ నరకడానికీ తేడా చేతికి తెలిసిపోతుంది కాబట్టి.

యూరప్ కత్తికి జపాన్ చాప ఎందుకు అని సాగదీసేవాళ్ళు ప్రతి గ్రూప్‌లోనూ ఒకరుంటారు. జపాన్ వాళ్ళ తమేషిగిరి (వాళ్ళ టెస్ట్ కటింగ్) నుంచి తెచ్చుకున్నామన్నది నిజమే, అందులో సిగ్గుపడేది ఏముంది, ప్రతిసారీ ఒకేలా ఉండే టార్గెట్ దొరకడమే ఇక్కడ ముఖ్యం. ఈ నెల కట్‌ని పోయిన నెల కట్‌తో పోల్చుకోవాలంటే టార్గెట్ మారకూడదు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో సీసం కడ్డీలని, గొర్రె కళేబరాలని ఒక్క వేటుకి నరికి చూపించేవాళ్ళు, విల్కిన్‌సన్ కంపెనీ దానికోసం లెడ్ కట్టర్ అని బరువైన ప్రత్యేకమైన కత్తులే చేసింది. అచ్చమైన యూరప్ సంప్రదాయమే కావాలంటే మరి సీసం కరిగించుకోండి, నాకైతే చాపే ముద్దు.

టటామీ మైనస్‌లు దాచను. డబ్బు ఖర్చు, చాప ధర కన్నా షిప్పింగే ఎక్కువ ఏడిపిస్తుంది, ఎందుకంటే పెట్టె బరువు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బాక్స్ తెప్పించుకుని పంచుకుంటే కొంత నయం. నానబెట్టడానికి పొడుగాటి చెత్తడబ్బా, పడిపోకుండా బరువైన అడుగున్న స్టాండ్ కావాలి. ముందు రోజే ప్లాన్ చేసుకోవాలి, ఆఫీస్ నుంచి వచ్చి మూడ్ వచ్చింది కదా అని నరకడం కుదరదు. కొత్తవాళ్ళు ఫుల్ మ్యాట్‌తో మొదలుపెట్టొద్దు, చాపని సగానికి కోసి పల్చటి రోల్స్ చేసుకోండి, ఎందుకంటే ఎడ్జ్ తప్పి మందపాటి రోల్‌లోకి బలంగా దిగితే పల్చటి బ్లేడు వంగి అలాగే ఉండిపోవచ్చు, బాటిల్‌తో ఆ రిస్క్ దాదాపు లేదు. స్టాండ్ మేకు ఎప్పుడూ చెక్కదే ఉండాలి, ఇనప పైపుకి చాప గుచ్చేవాళ్ళని చూశా, ఒక్క కట్ కిందికి జారితే అంచు పోతుంది.

కత్తి గురించి కూడా ఒక మాట ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే టార్గెట్ ఏం చెప్తుందన్నది కత్తి మీద కూడా ఆధారపడుతుంది. పాత యూరప్ కత్తుల్ని ఆకారాన్ని బట్టి రకాలుగా విడగొట్టిన ఓక్‌షాట్ లెక్కలో టైప్ 13ఎ లాంటి వెడల్పాటి పల్చటి బ్లేడు అయితే మామూలు కట్ కూడా టటామీలో వెన్నలోకి దిగినట్టు దిగిపోతుంది, మీ తప్పుల్ని కత్తే క్షమించేస్తుంది. మొన సన్నబడి పోటుకి పనికొచ్చే 18బి లాంటివి కాస్త కఠినంగా మార్కులు వేస్తాయి. మీరు రోజూ వాడే ఫెడర్ పొడుగు, బరువు, బ్యాలెన్స్‌కి ఏది దగ్గరగా ఉంటే అది కొనండి, వీడియోలో ఎవరో ఒకేసారి మూడు చాపలు నరికిన కత్తి మనకెందుకు.

మిగతావి గబగబా. పూల్ నూడిల్స్ ఎండాకాలంలో చవగ్గా దొరుకుతాయి, బరువు లేదు కాబట్టి ఎడ్జ్ సూటిగా లేకపోతే వంగి తప్పించుకుంటాయి, వార్మప్‌కి బాగుంటాయి, అంతకు మించి లేదు, ఫోమ్ తుంపులు ఏరుకోవడం మీ పని. తడిపిన న్యూస్‌పేపర్ రోల్స్ పనిచేస్తాయి కానీ కాగితంలో కలిపే ఖనిజాల పొడి వల్ల పదును తొందరగా పోతుంది. కుమ్మరి మట్టి దిమ్మ మీద బ్లేడు వెళ్ళిన దారి చక్కగా కనిపిస్తుంది, మళ్ళీ మళ్ళీ వాడొచ్చు, కానీ మొయ్యాలి, తర్వాత కత్తి కడగాలి. హాలోవీన్ అయ్యాక గుమ్మడికాయలు ఊరికే పడేస్తారు, పిల్లల్ని దూరంగా నిలబెట్టి సరదాకి నరకండి, దిష్టి కూడా పోతుంది. ఎండు వెదురు జోలికి వెళ్ళొద్దు.

హైదరాబాద్, రాజమండ్రి నుంచి అడిగేవాళ్ళకి మాత్రం జవాబు వేరే. చాప ఎక్కడ దొరుకుతుంది అనేకన్నా ముందు కత్తి సంగతి చూసుకోవాలి, ఆర్మ్స్ యాక్ట్ 1959 కింద వచ్చిన 2016 రూల్స్‌లో ఇంటి, పొలం పనుల్లాంటి వాటికోసమే చేసినవి తప్ప 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తులు ఆయుధాల లిస్టులోనే ఉన్నాయి, మీ ఏరియాలో లైసెన్స్ కావాలో లేదో కనుక్కోకుండా పదునైన లాంగ్‌సోర్డ్ ఆర్డర్ పెట్టొద్దు. ఆ పని పూర్తిచేసుకున్నవాళ్ళకి టార్గెట్ కరువు లేదు, గెల కోసేశాక ఎలాగూ నరికిపారేసే అరటి బోదెలు ఉన్నాయి. పొరలు పొరలుగా నిండా నీళ్ళతో ఉంటుంది కాబట్టి టటామీ కన్నా చాలా తేలిగ్గా తెగుతుంది, అంటే కాస్త పొగుడుతుందన్నమాట, కానీ తెగిన ముఖం మాత్రం బాటిల్ కన్నా ఎన్నో రెట్లు బాగా కనిపిస్తుంది. అరటి పసరు కార్బన్ స్టీల్ మీద నల్లమచ్చలు వేస్తుంది, నరికిన వెంటనే తుడిచి నూనె రాయాలి.

నేను చేసేది ఏంటంటే, ముందు నాలుగైదు బాటిళ్ళు లాంగోర్ట్‌లో ఆగే డ్రిల్ కోసం, వాటి ప్లాస్టిక్ ముక్కలు ఏరేశాకే చాపలు, ఎందుకంటే చాప పీచుల్లో కలిసిపోతే ఆ పదునైన ముక్కలు కనపడవు, మర్నాడు పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు. ప్రతి కట్‌కీ మిగిలిన ముఖాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుంటా, ఏ కట్, ఏ వైపు నుంచి అని రాసుకుంటా. నరికిన చాప ముక్కలు యార్డ్ వేస్ట్‌లో వేస్తా, రబ్బర్ బ్యాండ్లు ముందే తీసేయాలి. తడి చాప నీళ్ళు గార్డ్ (పిడికి పైనుండే అడ్డకడ్డీ) కిందికి దిగి అక్కడే తుప్పు మొదలవుతుంది, బ్లేడు తుడిచి ఊరుకోకుండా ఆ సందులో కూడా ఒక చుక్క మినరల్ ఆయిల్ వేయండి.