మార్చేది, మారేది: మా తొమ్మిదో తరగతిలో జియోజెబ్రా

"మౌస్ పాడైంది టీచర్" అన్నాడు మా తొమ్మిదో తరగతి అబ్బాయి. మౌస్ బాగానే ఉంది. తెర మీదున్న బూడిదరంగు చుక్కను పట్టుకుని లాగుతున్నాడు, అది రావడం లేదు. పక్కనున్న, అంకెను మార్చే మీట లాంటి స్లైడర్‌ను జరిపితే మాత్రం అదే చుక్క వంపు వెంట జారుకుంటూ పోతోంది. వాడు రెండు మూడుసార్లు అటూ ఇటూ చేసి చూశాడు. "అయితే దీన్ని మనం కదపలేం టీచర్. దాన్ని కదిపితే ఇది కదులుతుంది" అన్నాడు. ఇరవై రెండేళ్లుగా స్వతంత్ర చరరాశి, పరతంత్ర చరరాశి అని బోర్డు మీద రాస్తూ వస్తున్నాను. ఆ రెండు మాటలకూ ఇంత సూటి అర్థం నా నోట ఎప్పుడూ రాలేదు. జియోజెబ్రా గురించి వివరంగా రాయాలని ఆ రోజే అనుకున్నాను.

మాది భీమవరం వైపు ఒక పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూలు. నేను లెక్కల టీచర్ని. జియోజెబ్రా పేరు విననివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మార్కస్ హోహెన్‌వార్టర్ అనే ఆయన ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చదువుతూ 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. జామెట్రీ, ఆల్జీబ్రా అనే రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారు. చదువుకునేవాళ్లకూ చదువు చెప్పేవాళ్లకూ ఉచితం. ఫోన్లో పెట్టుకోవచ్చు, కంప్యూటర్లో పెట్టుకోవచ్చు. ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని మాలాంటి బళ్లకు ఇది చిన్న సంగతి కాదు. నేను వాడేది కంప్యూటర్లో పెట్టుకునే క్లాసిక్ 5 అనే వెర్షన్.

ముందు నా బాధేమిటో చెప్పాలి. పిల్లలకు "ఎక్స్ స్వతంత్రం, వై పరతంత్రం" అని కంఠతా వచ్చు. పరీక్షలో ఆ మాట రాస్తే మార్కు కూడా వస్తుంది. అదే "ఒక బస్సు టి గంటల్లో డి కిలోమీటర్లు వెళ్లింది, ఇందులో దేని మీద ఏది ఆధారపడింది?" అంటే తల దించుకుంటారు. ఎక్స్ ఏదని వెతుకుతారు, లేదు. అక్షరాన్ని నేర్చుకున్నారు గానీ సంబంధాన్ని నేర్చుకోలేదు. ఈ చిక్కు తొమ్మిదో తరగతితో పోదు. ఇంటర్ ఎంఈసీ చదువుతున్న మా అమ్మాయి ఒకరోజు ఎకనామిక్స్ పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, ధర మారితే డిమాండ్ మారుతుందంటారు కదా, మరి ధరను నిలువు అక్షం మీద ఎందుకు పెట్టారు?" అని అడిగింది. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ కాలం నుంచీ ఎకనామిక్స్ వాళ్లకు అదే అలవాటు. లెక్కల్లో నేర్చుకున్న "అడ్డం స్వతంత్రం, నిలువు పరతంత్రం" అనే గుర్తు అక్కడ పనికిరాదు. ఏది మారితే ఏది మారుతోందని అడిగిన పిల్లకు ఆ బొమ్మ అర్థమవుతుంది. గుర్తును పట్టుకున్న పిల్ల అక్కడే ఆగిపోతుంది.

మా పిల్లల్లో సగం మంది ఇళ్లలో రొయ్యల చెరువులున్నాయి, లేదంటే ఇంట్లో ఎవరో ఒకరు చెరువు మీద పనికి వెళ్తారు. అందుకని నేను కౌంట్‌ను పట్టుకున్నాను. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 100 కౌంట్ అంటే కిలోకి వంద, ఒక్కో రొయ్య 10 గ్రాములు. 50 కౌంట్ అయితే 20 గ్రాములు. 40 అయితే 25. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఇదంతా నేను చెప్పాల్సిన పని లేదు, పిల్లలే నాకు చెప్పారు. ఒక్క రొయ్య బరువు కావాలంటే 1000ని కౌంట్‌తో భాగించాలి. "మరి ఇది సమీకరణమే కదా" అన్నప్పుడు మాత్రం వాళ్లు ఆశ్చర్యపోయారు. నాన్న చెరువు గట్టు మీద నోటితో చేసే లెక్కకూ, పుస్తకంలో ఉండే ఎక్స్, వైలకూ చుట్టరికం ఉందని వాళ్లెవరూ అనుకోలేదు.

జియోజెబ్రాలో ఇది పెట్టడం ఐదు నిమిషాల పని. కింద ఇన్‌పుట్ గడిలో ఎఫ్(ఎక్స్) = 1000/ఎక్స్ అని కొట్టాం. తెర ఖాళీ. పిల్లలు నా మొహం చూశారు. కారణం తేలికే. మొదట తెర మీద కనబడేది సున్నా చుట్టూ కొద్ది మేరే, మన వంపేమో ఎక్స్ 10 దగ్గర ఉన్నప్పుడు 100 ఎత్తున ఉంటుంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టి అక్షాన్ని మౌస్‌తో లాగితే కొలత మారుతుంది. అడ్డంగా 120 దాకా, నిలువుగా 60 దాకా కనబడేట్టు లాగాక వంపు దిగింది. ఎడమవైపు నిటారుగా, కుడివైపు పోనుపోను చదునుగా. 20 కౌంట్ నుంచి 40కి వస్తే రొయ్య బరువు సగానికి పడిపోతుంది, 25 గ్రాములు తగ్గినట్టు. అదే 20 తేడా 100కీ 120కీ మధ్య అయితే రెండు గ్రాములు కూడా తగ్గదు. "పెద్ద రొయ్యల దగ్గర పది కౌంట్ తేడాకే నాన్న అంత గొడవపడేది ఇందుకా టీచర్" అంది ఒక అమ్మాయి.

తర్వాత ఎన్ అనే స్లైడర్ పెట్టాం, 20 నుంచి 120 దాకా. ఎక్స్ = ఎన్ అని నిలువు గీత. ఆ గీత వంపును ఖండించే చోట ఒక చుక్క. మొదట్లో చెప్పిన చుక్క అదే. ఈ సాఫ్ట్‌వేర్‌లో మనంతట మనం పెట్టిన చుక్కలు నీలంగా ఉంటాయి, వేరేవాటి నుంచి పుట్టినవి ముదురు బూడిదరంగులో ఉంటాయి. రంగు చూస్తేనే ఏది మన చేతిలో ఉంది, ఏది లేదు అని తెలిసిపోతుంది. ఎడమ పక్క ఆల్జీబ్రా జాబితాను డిపెండెన్సీ ప్రకారం అమర్చమంటే ఫ్రీ ఆబ్జెక్ట్స్ ఒక గుంపుగా, డిపెండెంట్ ఆబ్జెక్ట్స్ ఇంకో గుంపుగా విడదీసి చూపిస్తుంది. ఈ పాఠం కోసమే పెట్టారా అనిపించింది నాకు.

అసలు పాఠం ఒక పొరపాటు నుంచి వచ్చింది. స్లైడర్ దగ్గర కూర్చున్న అబ్బాయి దాన్ని ఎంచుకుని డిలీట్ కొట్టేశాడు. స్లైడర్ పోయింది, దానితోపాటు నిలువు గీత పోయింది, చుక్కా పోయింది. వాడు భయపడి లేచి నిలబడ్డాడు. నేను వాణ్ని కూర్చోమని, తరగతినంతా అడిగాను: "మూడు పోయాయి, వంపు ఎందుకు మిగిలింది?" చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, ఎప్పుడూ నోరు తెరవని పిల్ల, "వంపుకి ఎన్‌తో పని లేదు టీచర్. గీతకి ఉంది, చుక్కకి ఉంది" అంది. కంట్రోల్ జెడ్ నొక్కితే అన్నీ తిరిగొచ్చాయి. ఆధారపడడం అంటే ఏమిటో నిర్వచనంతో ఎంత చెప్పినా ఆ రెండు వాక్యాలకు సాటి రాదు.

ఇంకొకటి కూడా చేసి చూడండి. ఏ = 3 అనీ, బి = ఏ + 1 అనీ పెట్టండి. ఇప్పుడు ఏని బి + 1గా మార్చబోతే ఒప్పుకోదు, సర్క్యులర్ డెఫినిషన్ అని ఆపేస్తుంది. నువ్వు నా మీద, నేను నీ మీద అంటే లెక్క నడవదు, ఎవరో ఒకరు ముందు నిలబడాలి. మా పిల్లలు దీన్ని మూడు నాలుగు రకాలుగా మోసం చేయాలని చూశారు, కుదరలేదు.

మన తెలుగులో ఈ సంగతికి మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కదిపేది, కదిలేది. పెంచేది, పెరిగేది. మార్చేది, మారేది. స్వతంత్ర, పరతంత్ర అనే పుస్తకపు మాటలు పరీక్షకు కావాలి కాబట్టి రాయిస్తాను, కానీ ఇప్పుడు తరగతిలో ముందు "మార్చేదేది, మారేదేది" అని అడుగుతున్నాను. బస్సు లెక్కకు మొన్న చేతులు బాగానే లేచాయి.

ఒక విషయంలో మాత్రం టీచర్లు జాగ్రత్తగా ఉండాలి. జియోజెబ్రా ఫ్రీ అన్నదల్లా మన లెక్కలో స్వతంత్ర చరరాశి అయిపోదు. ఫ్రీ అంటే అక్కడున్న వేరే దేని నుంచీ పుట్టలేదని మాత్రమే. మేం రాసిన ఎఫ్(ఎక్స్) కూడా ఫ్రీ గుంపులోనే కూర్చుంటుంది, పైగా మౌస్‌తో లాగితే వంపు మొత్తం పక్కకు జరిగిపోతుంది. ప్రాపర్టీస్‌లో ఫిక్స్ ఆబ్జెక్ట్ టిక్ పెట్టుకోండి, లేకపోతే పిల్లలు వంపునే ఎత్తుకుపోతారు.

దీనికంటే పెద్ద చిక్కు కొలతల దగ్గర వస్తుంది. ఒకమ్మాయి వాళ్ల చెరువు నోట్‌బుక్ తెచ్చింది. విసురువల వేసి పట్టి, తూచి రాసుకున్న లెక్కలు: 60వ రోజు 10 గ్రాములు, 75వ రోజు 14, 90వ రోజు 17. వాటిని మూడు చుక్కలుగా పెట్టాం. మూడూ నీలం. ఏ చుక్కనైనా ఎటైనా లాగొచ్చు. ఆ అమ్మాయి 90వ రోజు చుక్కను పట్టుకుని 25 గ్రాముల దాకా ఎత్తేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అక్కడ ఆపి చెప్పాల్సి వచ్చింది. తెర మీద ఆ చుక్క స్వేచ్ఛగా తిరుగుతుంది, చెరువులో అలా తిరగదు. అక్కడ రోజులు గడిచేకొద్దీ బరువు మారుతుంది. అదీ రోజులొక్కటే కాదు, మేత ఉంది, ఆక్సిజన్ ఉంది, రోగం ఉంది, ఎకరాకు ఎన్ని రొయ్య పిల్లలు వదిలారన్నది ఉంది. రోజుల వల్ల ఎంత పెరిగిందో చూడాలంటే మిగతావి ఒకేలా ఉంచాలి. వాళ్ల నాన్నకు అది ఎంత కష్టమో ఆ అమ్మాయికి తెలుసు. ఏది దేన్ని మారుస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పదు. మనం చెప్పిన సంబంధాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది, అంతవరకే.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన గంట. పిల్లల్లో వాదన వచ్చింది. "కౌంట్ మారితే బరువు మారుతుంది" అని కొందరు. "కాదు, రొయ్య బరువు పెరిగితే కదా కౌంట్ తగ్గేది, బరువే మార్చేది" అని చెరువులున్న ఇళ్ల పిల్లలు. గట్టు మీద నిలబడ్డ రైతుకు ముందు తెలిసేది బరువు. తూచి, దాని నుంచి కౌంట్ కడతాడు. కొనే వాళ్లకు ముందు కావలసింది కౌంట్. 50 కౌంట్ కావాలని ఫోన్ చేస్తారు, అప్పుడు రొయ్య 20 గ్రాములకు రావాలి. సరే, రెండూ గీసి చూద్దామన్నాను. బరువును అడ్డంగా, కౌంట్‌ను నిలువుగా పెట్టి ఇంకో కిటికీలో వేశాం. సమీకరణం మళ్లీ 1000/ఎక్స్. వంపు మళ్లీ అదే. వై = ఎక్స్ గీత మీదుగా కాగితాన్ని మడిచినట్టు ఊహించుకుంటే వంపు తన మీద తనే పడుతుంది. బొమ్మ చూసి ఎవరు స్వతంత్రులో చెప్పడం కుదరదు, ఎవరు ఏం అడుగుతున్నారో తెలియాలి. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. ఈ ఉద్యోగంలో అలాంటి రోజులు ఎన్నో రావు.

వాడబోయేవాళ్లకు నా అనుభవంలోంచి ఒక మాట. ముందే స్లైడర్ పిల్లల చేతికి ఇవ్వకండి. దాన్ని అటూ ఇటూ లాగుతూ గంట గడిపేస్తారు, చుక్క కదులుతుంటే చూడ్డానికి బాగుంటుంది, లెక్క మాత్రం బుర్రకెక్కదు. నేను మొదటిసారి అలాగే చేశాను, ఆ పీరియడ్ వృథా అయింది. ఇప్పుడు ముందు తెల్లకాగితం మీద పట్టిక వేయిస్తాను, 40, 50, 80, 100 కౌంట్లకు బరువెంతో రాయిస్తాను. చుక్క ఎటు పోతుందో, నెమ్మదిగా పోతుందో వేగంగా పోతుందో వేలితో చూపించమంటాను. ఆ తర్వాతే మౌస్. తన ఊహ తప్పని తెర మీద చూసుకున్న పిల్ల ఆ పాఠం మర్చిపోదు.

నా లెక్కలో జియోజెబ్రాకు ఐదుకు నాలుగున్నర మార్కులు. ఆ అర తగ్గించింది ఫ్రీ అనే మాట దగ్గర వచ్చే గందరగోళానికే. తల్లిదండ్రులు ఇంట్లో నేర్పించాలనుకుంటే ఫోన్‌లో గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ చాలు. టీచర్లయితే కంప్యూటర్లో క్లాసిక్ 5 దించుకోండి, జాబితాను డిపెండెన్సీ ప్రకారం అమర్చుకోండి. మీ ఊళ్లో రొయ్యలు లేకపోతే పత్తి ఉంటుంది, మిర్చి ఉంటుంది, మోటారు నడిచిన గంటలకు ఎంత డీజిల్ కాలిందో ఉంటుంది. మేం వచ్చే వారం ఆ డీజిల్ లెక్కే మొదలుపెడుతున్నాం. నాలుగిళ్ల నుంచి మోటారు గంటలు రాసుకురమ్మని పిల్లలకు చెప్పాను.